పండుగవేళ – ఆటవేళ

గోదావరి డెల్టాలో సంక్రాంతి వచ్చునప్పటికి సార్వా కోతలు ముగిసి ధాన్యము ఇల్లు చేరును. 1852లో ధవళేశ్వరమువద్ద ఆనకట్ట పూర్తియైన నాటినుండి ఈ సీమకు కాలువనీరే ప్రాణము. ఆ నీటితో పండిన పంటయే ఈ పండుగకు కళ. భీమవరమునకు నలువైపుల వరిచేలు, కొబ్బరిచెట్లు, చేపల చెరువులు, రొయ్యల చెరువులు కలవు. చదువులకై, ఉద్యోగములకై హైదరాబాదు, బెంగుళూరు, చెన్నపట్టణము చేరినవారును, సముద్రములు దాటి అమెరికా వెళ్లినవారును, ఏడాదికి ఒక్కసారియైన పుట్టినూరు చూడవలెనని ఈ రోజులకొరకే కాచుకొనియుందురు. పండుగముందు రైళ్లలో నిలుచుటకు చోటు దొరకదు. భీమవరము స్టేషనులో దిగువారి చేతులలో సంచులు నిండుగ నుండును. మనసులలో కోరికలు అంతకంటె నిండుగ నుండును.

చిక్కంతయు ఆ కోరికలతోనే వచ్చును. సెలవులు నాలుగు దినములు, కోరికలు నలువది. గునుపూడి సోమేశ్వరుని దర్శింపవలెను. మావుళ్లమ్మ ఉత్సవము చూడవలెను. మేనత్త ఇంట భోజనము చేయవలెను. చిన్ననాటి మిత్రులను కలిసికొనవలెను. ఇవి చాలవన్నట్లు ఆ రోజులలోనే ఏదో ఒక పెద్ద ఆట వచ్చిపడును. పెద్ద ఆటలు మన పంచాంగము చూచి రావు. జనవరి మనకు చలికాలమైనను భూగోళముయొక్క దక్షిణార్ధమున నడివేసవి. అందుచేత ఆస్ట్రేలియా దేశపు క్రికెట్టు పోటీలు పలుమార్లు మన సంక్రాంతి దినములలోనే జరుగుచుండును. ఇంటికి వచ్చినది పెద్దలతో గడపుటకా, పెట్టెముందు కూర్చుండి ఆట చూచుటకా అను ప్రశ్న అప్పుడు పుట్టును.

2021వ సంవత్సరమున భీమవరమునకు చేరువనున్న ఒక పల్లెలో, ఒక ఇంట ఈ ప్రశ్న పుట్టినది. కరోనా వ్యాధి కారణముగ ఆ కాలమున అనేకులు కార్యాలయములకు పోక ఇంటినుండియే పనిచేయుచుండిరి. ఆ ఇంటి కుమారుడును అట్లే పనిచేసికొనవచ్చునను ధైర్యముతో భార్యాబిడ్డలను వెంటబెట్టుకొని పండుగకు వారము ముందే హైదరాబాదునుండి వచ్చెను. అతని కొడుకు పదుమూడేండ్లవాడు. వానికి క్రికెట్టన్న ఆకలిదప్పులు తెలియవు. భారతజట్టు అప్పుడు ఆస్ట్రేలియాలో పర్యటించుచుండెను. సిడ్నీ నగరమున మూడవ టెస్టు జనవరి 7వ తేదీన ఆరంభమయ్యెను.

ఆ ఉదయము ఐదుగంటలకే పిల్లవాడు లేచి దూరదర్శనపు పెట్టె ముందు కూర్చుండెను. ఆటకు ముందు జాతీయగీతము వినిపించుచుండగా ఒక భారతీయ ఆటగాని కన్నులనుండి నీరు కారుచుండెను. పాలగ్లాసు తెచ్చిన మామ్మ ఆ దృశ్యము చూచి నిలిచిపోయెను.

“ఆ అబ్బాయి ఎందుకు ఏడుస్తున్నాడురా నాన్నా?” అని ఆమె అడిగెను.

“ఉండు మామ్మా!” అని వాడు తల త్రిప్పకయే చెప్పెను.

ఆమె గ్లాసు బల్లమీద పెట్టి, కొంతసేపు నిలుచుండి, లోపలికి వెళ్లిపోయెను. కొలదిసేపటికే సిడ్నీలో వానపడి ఆట ఆగిపోయెను. ఐనను పిల్లవాడు కదలలేదు. మైదానముపై కప్పిన పట్టలను చూచుచు గంటలకొలది అట్లే కూర్చుండెను. పాలు చల్లారి మీగడ కట్టెను.

తాతయ్య వీధియరుగుమీదనుండి ఇదంతయు గమనించుచుండెను. ఆయన మనుమని చెంతకు వచ్చి, “ఒరే అబ్బాయ్, సిడ్నీలో వాన పడితే భీమవరంలో నువ్వెందుకు కదలకుండా కూర్చున్నావు?” అని నవ్వుచు అడిగెను. పిల్లవాడు సిగ్గుపడెను. తాతయ్య కోపింపలేదు. “ఆట చూడవద్దని నేను అననురా. మా చిన్నతనంలో మేమూ రేడియో చుట్టూ మూగినవాళ్లమే. కాని మీ మామ్మ ఏడాదిపాటు నీకోసం ఎదురుచూసింది. ఆటకు వేళ చేసుకో. ఆ వేళను మాత్రం ఆవిడ దగ్గర దొంగిలించకు” అనెను.

ఆ మాట పిల్లవాని మనసున నాటుకొనెను. నాటి రాత్రి వాడు కాగితము, కలము తీసికొని లెక్క వేసెను. జనవరిలో సిడ్నీ గడియారము మన గడియారముకంటె ఐదున్నర గంటలు ముందు నడచును. అక్కడ ఉదయము పదిన్నర అగునప్పటికి ఇక్కడ ఐదే. టెస్టు ఆట ఒక దినమున సుమారు రెండేసి గంటల చొప్పున మూడు భాగములుగ జరుగును. మొదటి భాగమునకు, రెండవ భాగమునకు నడుమ భోజనవిరామము 40 నిమిషములు. రెండవదానికి, మూడవదానికి నడుమ తేనీటి విరామము 20 నిమిషములు. మొదటి భాగము జరుగునప్పుడు ఇంటిలో చాలమంది నిద్రలో నుందురు. ఆ రెండు గంటలు తన నిద్రనుండి తీసికొన్నచో ఎవ్వరికిని లోటు లేదు. భోజనవిరామమున మామ్మకు బావినీళ్లు తోడి ఈయవచ్చును. రెండవ భాగమున తాతయ్యతో పొలము గట్టుకు పోయి రావచ్చును. మూడవ భాగమును ఇంటిల్లిపాది కూర్చుండి చూడవచ్చును. లెక్క పూర్తియగునప్పటికి వానికి ఆశ్చర్యము కలిగెను. తనకు వేళ లేదనుకొన్నాడు. నిజమునకు వేళ ఉన్నది, దానిని పంచుటయే తెలియలేదు.

మరునాడు నీళ్లు తోడుచు వాడు మామ్మ మొదటినాడు అడిగిన ప్రశ్నకు బదులు చెప్పెను. ఆ ఏడ్చిన యువకుడు హైదరాబాదువాడైన మహమ్మద్ సిరాజ్. తండ్రి ఆటోరిక్షా నడిపి, తన కష్టార్జితముతో కొడుకును ఆటలో ముందుకు నడపెను. 2020 నవంబరులో సిరాజ్ ఆస్ట్రేలియాలో నుండగా ఆ తండ్రి మరణించెను. ఇంటికి పోవచ్చునని పెద్దలు చెప్పినను, తండ్రి కోరిక తీర్పవలెనని సిరాజ్ జట్టుతోనే నిలిచిపోయెను. కడసారి చూపునకు నోచుకొనలేదు. ఆ కథ విని మామ్మ చేద త్రాడు పట్టుకొని కొంతసేపు మాటాడలేదు. “అయ్యో తండ్రీ!” అని మాత్రము అనెను. నాటినుండి ఆమెకు ఆ ఆటలో ఒక బంధువు దొరికినట్లయ్యెను.

జనవరి 11వ తేదీ సోమవారము సిడ్నీ ఆటకు కడపటి దినము. భారతజట్టు గెలువవలెనన్న 407 పరుగులు చేయవలెను. లేదా దినాంతమువరకు పదివికెట్లు పోకుండ నిలువవలెను. ఋషభ్ పంత్ 97 పరుగులు, చతేశ్వర్ పుజారా 77 పరుగులు చేసి వెనుదిరిగిరి. ఐదు వికెట్లు పడినవి. ఇంక మూడుగంటలకుమించి ఆట మిగిలియున్నది. అప్పుడు నిలిచినవారు ఇద్దరు: హనుమ విహారి, రవిచంద్రన్ అశ్విన్. విహారి కాకినాడలో పుట్టినవాడు, గోదావరి నీటివాడే. ఆట ఆరంభించిన కొలదిసేపటికే పరుగు తీయుచుండగా అతని తొడ వెనుకటి కండరము పట్టుకొనెను. అశ్విన్ నడుమునొప్పితో బాధపడుచుండెను. ఇద్దరును గాయపడినవారే, ఎదుట ప్రపంచప్రసిద్ధులైన బౌలర్లు.

వంటింటిలో మామ్మ అరిసెలకు పాకము పట్టుచుండెను. మధ్యమధ్య గుమ్మములోనికి వచ్చి తొంగిచూచుచుండెను.

“ఆ అబ్బాయి కుంటుతున్నాడు కదరా! ఇంటికి పంపకూడదూ?”

“అతను వెళ్లిపోతే మనం ఓడిపోతాం మామ్మా. మన కాకినాడ అబ్బాయే.”

“కుంటుతూ ఎలా పరుగెడతాడు?”

“పరుగెత్తక్కరలేదు. అవుట్ కాకుండా నిలబడితే చాలు.”

“అయితే నిలబడనీ” అని మామ్మ గరిటె చేతితోనే కూర్చుండెను.

విహారి నిలిచెను. 161 బంతులు ఎదుర్కొని 23 పరుగులు మాత్రమే చేసెను. లెక్కలలో చూచిన అది చిన్న సంఖ్య. కాని ఆనాడు అతడు పరుగులు కూడబెట్టుటకు రాలేదు. కాలమునకు అడ్డుగా నిలుచుటకు వచ్చెను. అశ్విన్ 128 బంతులు ఆడి 39 పరుగులు చేసెను. ఒక్కొక్క బంతి దేహమునకు తగులుచున్నను ఇద్దరును చెదరలేదు. తుదకు ఆట సరిసమానముగ ముగిసెను. గెలుపు లేకున్నను ఇంటిలోనివారందరు లేచి నిలిచి చప్పట్లు కొట్టిరి. ప్రక్కగదిలో కార్యాలయపు పనిచేసికొనుచున్న తండ్రి తన విరామమును దానికే దాచుకొని, కడపటి ఘట్టమునకు వచ్చి గోడకు చేరగిలి చూచెను.

పాకము ముదిరిపోయెను. ఆ ఏడు అరిసెలు రాళ్లవలె గట్టిపడెను. కొరుకలేక ఎవరైన ఆగినప్పుడెల్ల మామ్మ, “నన్ననకండి, ఆ కాకినాడ అబ్బాయిని అనండి” అనుచు నవ్వెడిది.

భోగినాడు మరియొక పిలుపు వచ్చెను. వాని బావ, వయసులో కొంచెము పెద్దవాడు, “క్రికెట్టు ఎప్పుడూ ఉండేదే. రా, బరికి పోదాం. కోడిపందెం చూడనివాడు భీమవరం వచ్చినట్టే కాదు” అనెను. ఆ ప్రాంతమున ఇది క్రొత్త మాట కాదు. డేగ, కాకి, నెమలి, సేతువ అని ఈకల రంగులనుబట్టి పుంజులకు పేర్లు పెట్టి, వాని జయాపజయములకు శాస్త్రములుకూడ చెప్పుదురు. పల్నాటి వీరుల కథలోనే కోడిపోరు కలదు. కాని నేటి బరిలో పుంజు కాలికి కత్తి కట్టుదురు. ఒక పుంజు కూలువరకు పోరు సాగును. దాని చుట్టును ధనము చేతులు మారును. జంతువులను పోరాటమునకు పురికొల్పుట 1960వ సంవత్సరపు జంతుహింసా నివారణ చట్టము ప్రకారము నేరము. పందెములు కాయుట 1974వ సంవత్సరపు ఆంధ్రప్రదేశ్ జూద చట్టము ప్రకారము నేరము. ఐనను పండుగవేళ జనము ఆ బరులకు పోవుచునే యున్నారు.

పిల్లవాడు తాతయ్య ముఖము చూచెను. తాతయ్య కొంత తడవు ఊరకుండి, ఎన్నడును చెప్పని సంగతి చెప్పెను. “నీ నాన్న పసివాడుగా ఉన్న ఏడు, ఒక్క సాయంత్రంలో బరిలో ఏడాది పంట పోగొట్టాను. చచ్చింది పుంజే కాని ఓడింది మన ఇల్లు. మీ మామ్మ చేతి గాజులు అమ్మి ఆ ఏడు గడిపింది. నన్ను ఒక్క మాట అనలేదు. మొన్న సిడ్నీలో నిలబడినవాడు తన ఇష్టంతో నిలబడ్డాడు. బరిలో పుంజును ఎవరడిగారురా? పెద్ద ఆట అంటే జనం ఎక్కువ చేరింది కాదు. చూసినవాడు ఇంటికి ఏదో ఒకటి తెచ్చుకునేది.”

బావ బరికి పోయెను. సాయంకాలము తిరిగివచ్చినప్పుడు, ఏమి చూచితివని అడిగినను బదులు చెప్పలేదు. పిల్లవాడు మాత్రము ఊరిపిల్లలను పోగుచేసి, కోత కోసిన చేనిలో కొబ్బరిమట్టను బ్యాటుగ చేసికొని ప్రొద్దుగ్రుంకువరకు ఆడెను. మరునాడు బావయు ఆ ఆటలో చేరెను.

కనుమనాడు కాకి కూడ కదలదని సామెత. ఆ దినమున ఎవ్వరును ప్రయాణము చేయరు. సరిగా ఆ కనుమనాడే, జనవరి 15న, బ్రిస్బేన్ నగరమున నాలుగవ టెస్టు ఆరంభమయ్యెను. మినపగారెలు తినుచు ఇంటిల్లిపాదియు చూచిరి. కాని టెస్టు ఐదు దినములు. సెలవు అంత లేదు. 17వ తేదీన హైదరాబాదు రైలు ఎక్కవలసివచ్చెను. బయలుదేరునప్పుడు పిల్లవాడు మామ్మకు దూరదర్శనపు మీటలు ఎట్లు నొక్కవలెనో చూపెను. పరుగుల లెక్క తెరమీద ఏ మూల కనబడునో చెప్పెను.

18వ తేదీన సిరాజ్ ఒక్క ఇన్నింగ్సులోనే 73 పరుగులిచ్చి ఐదు వికెట్లు తీసెను. 19వ తేదీన 328 పరుగుల లక్ష్యమును భారతజట్టు మూడు వికెట్లు మిగిలియుండగా సాధించెను. 1988 తరువాత నాటివరకు ఆ మైదానమున ఆస్ట్రేలియా జట్టు ఒక్క టెస్టునైన ఓడియుండలేదు. ఆ మధ్యాహ్నము హైదరాబాదులో పిల్లవాని ఇంట టెలిఫోను మ్రోగెను.

“గెలిచారురా నాన్నా! నేనూ మీ తాతయ్యా పొద్దుటినుంచీ చూస్తూనే ఉన్నాం. ఆ ఏడ్చిన అబ్బాయి ఇప్పుడు నవ్వుతున్నాడురా!”

పిల్లవాడు ఆ మధ్యాహ్నము చాల ఆటగాండ్ర పేర్లు వినెను. కాని మామ్మ గొంతులోని సంతోషమే వానికి ఎక్కువగ జ్ఞాపకముండెను. ఆమె ప్రశ్నకు తాను బదులు చెప్పకయే యుండినచో, ఆ సంతోషము ఆమెకును లేదు, తనకును లేదు.

జనవరి 21న సిరాజ్ హైదరాబాదులో విమానము దిగెను. దేశమంతయు అతనిని కొనియాడుచుండెను. అతడు ముందుగ ఇంటికైనను పోలేదు; విమానాశ్రయమునుండి నేరుగ తండ్రి సమాధికడకు పోయి పూలుంచి ప్రార్థించెను. పెద్ద ఆట ఆడినవాడు మొదటి వేళను తనవారికిచ్చెను. ఆట చూచువారికిని అదియే మార్గము. సెలవులు కొద్ది, ఆటలు పెక్కు. మన నిద్రనుండి, మన సోమరితనమునుండి తీసికొన్న వేళ ఆటకు చాలును. మనకొరకు ఎదురుచూచువారి వేళ వారికే చెందవలెను. వారిని ప్రక్కన కూర్చుండబెట్టుకొన్నచో ఆ రెండు వేళలును ఒక్కటియే యగును.