గ్రనాడాలో ‘తూ’

స్పెయిన్ దేశానికి దక్షిణాన ఉన్న గ్రనాడా నగరానికి వెళ్లేవారిలో అధికులు అల్ హమ్రా కోటను చూడటానికే వెళ్తారు. ఆ కోటకు ఎదురుగా, దర్రో నదికి ఆవలి కొండమీద అల్బైసిన్ అనే పాత పేట ఉంది. 1492లో ముస్లిముల పాలన అంతమైంది గాని, ఆ పేటలోని ఇరుకు సందులు మాత్రం నిలిచే ఉన్నాయి. 2003లో అక్కడే ఒక కొత్త మస్జిద్ ప్రారంభమైంది. కోట గురించి ఎందరో రాశారు. నేను చెప్పదలచినది ఆ పేట దుకాణాలలో మనుషులు ఒకరినొకరు అడిగే తీరు గురించి.

ఉర్దూ మాట్లాడే ఇళ్లలో పెరిగినవారి చెవికి అక్కడ మొదట తగిలేది ‘తూ’ అనే మాట. స్పానిష్‌లో ‘నువ్వు’కు అదే పదం. మన ఇళ్లలో తండ్రిని ‘తూ’ అన్న బిడ్డకు ఆ పూట చీవాట్లు తప్పవు. అక్కడ కొడుకు తండ్రిని, కొనేవారు అమ్మేవారిని, తొలిసారి కలిసిన సమవయస్కులు ఒకరినొకరు అలాగే పిలుచుకుంటారు. అడిగేదీ ఆజ్ఞారూపంలోనే: ‘పోన్మే ఉన్ కీలో దె నరంహాస్’, అంటే ‘నాకొక కిలో నారింజలు పెట్టు’. ‘దామే’ అంటే నాకివ్వు. ‘పాస’ అంటే లోపలికి రా. ‘దయచేసి’ అనే మాట మనం ఎదురుచూసినంత తరచుగా వినబడదు. మర్యాద గొంతులో ఉంటుంది. ఇంకాస్త మెత్తగా అడగాలంటే, ‘నాకొక టీ పెడతావా?’ అని ప్రశ్నగా మార్చుతారు.

ఈ క్రియలలో కొన్ని అరిగిపోయి ఒక్క అక్షరపు ముక్కలయ్యాయి. ‘పోన్’ (పెట్టు), ‘బెన్’ (రా), ‘దీ’ (చెప్పు) వంటివి మొత్తం ఎనిమిది. అరబీ విద్యార్థులకు ఇది వింత కాదు. ‘అఖజ’ అనే క్రియ ఆజ్ఞలో ‘ఖుజ్’ అయినప్పుడు ముందున్న హమ్జా రాలిపోతుంది. మన తెలుగులోనూ ‘రా’, ‘పో’, ‘తే’ అంత పొట్టివే. నిత్యం నోట నలిగే మాట అరగక ఏం చేస్తుంది?

ఆజ్ఞారూపం వినగానే అమర్యాద అనుకోవడం తొందరపాటు. మన మద్రసాలలో బోధించే బలాగత్ శాస్త్రం ఈ విషయాన్ని ఏనాడో తేల్చింది. పైవాడు కిందివానితో అంటే అది ‘అమ్ర్’, ఆజ్ఞ. సమానులు ఒకరితో ఒకరు అంటే ‘ఇల్తిమాస్’, విన్నపం. కిందివాడు పైవానితో అంటే ‘దుఆ’. క్రియారూపం మూడింటికీ ఒక్కటే. ‘ప్రభూ! నన్ను క్షమించు’ అని మనం చేతులు చాచి వేడుకున్నప్పుడు వాడేది కూడా ఆజ్ఞారూపమే కదా! అల్బైసిన్ దుకాణంలో వినబడే ‘పోన్మే’ ఇల్తిమాస్ కోవకు చెందుతుంది.

గౌరవ వాచకం ఆ భాషలో లేకపోలేదు. వృద్ధులతో, పరిచయం లేని పెద్దలతో ‘ఉస్తెద్’ అంటారు. అప్పుడు ‘పాస’ కాస్తా ‘పాసె’ అవుతుంది, మన ‘రా’ ‘రండి’ అయినట్లు. ‘ఉస్తెద్’ మన ‘ఉస్తాద్’ నుంచే పుట్టిందని కొందరు సంబరంగా చెబుతారు. ఉస్తాద్ అనిపించుకునే నాకూ ఆ మాట వినడానికి ఇంపుగానే ఉంటుంది గాని, అది నిజం కాదు. ‘తమ దయ’ అనే అర్థమున్న ‘వుయెస్త్రా మెర్సెద్’ అనే పాత స్పానిష్ సంబోధన కుదించుకుపోయి అలా మారింది.

వద్దని చెప్పేటప్పుడు మాత్రం క్రియ వేషం మార్చుకుంటుంది. ‘పరుగెత్తు’ అంటే ‘కొర్రె’. ‘పరుగెత్తకు’ అంటే ‘నో కొర్రాస్’. రాళ్లు పరచిన ఆ ఏటవాలు సందుల్లో తల్లులు పిల్లలను కేకవేసి ఆపేది ఆ మాటతోనే. వారి సంచుల్లోని ‘నరంహ’ మాత్రం అరబీ ‘నారంజ్’ నుంచి వచ్చింది. అరబీలోకి పారశీకం నుంచి, పారశీకంలోకి మన దేశం నుంచి.