4 వాట్ల రేడియోకి గట్టి ఎర్త్ కావాలి

వయోమింగ్‌లో ఐ-80 హైవే మీద చలికాలం బండి నడిపేవాళ్లకి ముందున్న రోడ్డు ఎలా ఉందో తెలియడం ప్రాణావసరం. మేముండే లారమీ నుంచి పడమరగా రాలిన్స్ వెళ్తుంటే ఆర్లింగ్టన్, ఎల్క్ మౌంటెన్ దగ్గర గాలి నేలమీది మంచుని లేపి రోడ్డుకి అడ్డంగా కొడుతుంది. పైన ఆకాశం నీలంగానే ఉంటుంది, ముందున్న ట్రక్కు మాత్రం కనిపించదు. ఫోన్ సిగ్నల్ కొన్ని చోట్ల అందదు. అలాంటప్పుడు ఎదురుగా వస్తున్న ట్రక్కు డ్రైవరు సీబీ (సిటిజన్స్ బ్యాండ్) రేడియోలో "255వ మైలు దగ్గర లారీ అడ్డం తిరిగింది, నెమ్మదిగా రండి" అని చెప్తే అంతకంటే విలువైన సమాచారం లేదు. ఆసుపత్రి పరికరాల మరమ్మతు పని మీద ఏడాది పొడవునా ఈ దారిలో తిరుగుతాను కాబట్టి, మా పికప్‌లో సీబీ సరిగ్గా పనిచేయాలని నాకు గట్టి పట్టుదల.

అమెరికాలో ఇప్పుడున్న సీబీ సర్వీసు 1958లో మొదలైంది. 1973 నాటి చమురు కొరత, ఆ వెంటనే వచ్చిన గంటకి 55 మైళ్ల వేగ పరిమితి దీన్ని ట్రక్కు డ్రైవర్లందరికీ అలవాటు చేశాయి. 1983 నుంచి లైసెన్సు కూడా అక్కర్లేదు. 27 మెగాహెర్ట్జ్ దగ్గర 40 ఛానెళ్లు. అందులో 9 అత్యవసరాలకి, 19 ట్రక్కుల వాళ్ల వాడుకలో ఉన్నది. మామూలు ఏఎం రేడియో పంపగలిగేది 4 వాట్లే, అంతకు మించకూడదని చట్టం.

మేం పాతది కొన్న పికప్‌లో సీబీ బిగించే ఉంది. కానీ అరమైలు దాటితే మన మాట ఎవరికీ అందదు. డెన్వర్ నుంచి వచ్చిన మా బావమరిది చూసి, "బావా, దీనికి ఆంప్లిఫయర్ పెట్టేద్దాం, గొడవ వదిలిపోతుంది" అన్నాడు. "వద్దురా, సీబీకి అది చట్టవిరుద్ధం. పైగా లోపం రేడియోలో లేదు, వెనకాల ఉంది. రా, చూద్దాం" అన్నాను.

సీబీ తరంగం పొడవు సుమారు 11 మీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే 9 అడుగుల కడ్డీ ఉంటే యాంటెన్నా సహజంగా పనిచేస్తుంది. అంత పొడుగుది బండి మీద కష్టం కాబట్టి 4 అడుగుల ఫైబర్ గ్లాస్ కడ్డీకి రాగి తీగ చుట్టి అమ్ముతారు. అయితే కడ్డీ యాంటెన్నాలో సగమే, మిగతా సగం బండి ఇనుప శరీరం. మన ఇళ్ల దగ్గర ఎర్తింగ్ అంటే గొయ్యి తీసి ఉప్పు, బొగ్గు వేసి రాగి ప్లేటు పాతుతాం. బండిలో ఎర్త్ నేలని తాకదు, కిందున్నవి రబ్బరు టైర్లు. టాపు, తొట్టి, ఛాసిస్ కలిసి నేల చేయాల్సిన పని చేయాలి. అవి ఒకదానితో ఒకటి సరిగ్గా కలవకపోతే 4 వాట్లలో కొంత బయటికి వెళ్లక వెనక్కి తిరిగి రేడియోకే వస్తుంది.

మా బండిలో జరిగింది సరిగ్గా ఇదే. యాంటెన్నా బ్రాకెట్‌ని అల్యూమినియం పనిముట్ల పెట్టెకి బిగించారు. ఆ పెట్టె తొట్టి అంచు మీద రబ్బరు పట్టీ వేసుకుని కూర్చుంది. బ్రాకెట్‌కి చుట్టూ నల్ల రంగు పూత. అంటే ఇనుముని తాకే చోటు ఒక్కటీ లేదు. మల్టీమీటర్‌తో బ్రాకెట్‌కీ బ్యాటరీ నెగటివ్‌కీ మధ్య చూశాం. ఇక్కడొక జాగ్రత్త: చూసేముందు యాంటెన్నా కేబుల్‌ని రేడియో నుంచి ఊడదీయాలి. లేకపోతే కేబుల్ పై అల్లిక, రేడియో బాడీ మీదుగా కనెక్షన్ వచ్చి, ఎర్త్ బాగానే ఉందని మీటరు అబద్ధం చెప్తుంది. ఊడదీసి చూస్తే మాకు కనెక్షనే లేదు.

పెట్టెని వదిలేసి బ్రాకెట్‌ని నేరుగా తొట్టి ముందు అంచుకి, క్యాబిన్ వెనక్కి మార్చాం. అక్కడైతే కడ్డీలో సగానికి పైగా టాపు కంటే ఎత్తులో ఉంటుంది. బోల్టు పడే చోట రూపాయి బిళ్లంత మేర ఎమరీ పేపర్‌తో రంగు గీకి, ఇనుము మెరిసేదాకా రుద్దాం. పళ్లున్న వాషర్ వేసి బిగించి, తుప్పు పట్టకుండా చుట్టూ గ్రీజు రాశాం. కడ్డీ కింది బోల్టు మాత్రం బ్రాకెట్‌ని తాకకూడదు, మధ్యలో నైలాన్ వాషర్ తప్పనిసరి. తర్వాత తొట్టి నుంచి ఛాసిస్‌కి, ఛాసిస్ నుంచి క్యాబిన్‌కి వెడల్పాటి అల్లిక రాగి పట్టీలు వేశాం. క్యాబిన్ రబ్బరు దిమ్మల మీద కూర్చుంటుంది కాబట్టి ఇవి ముఖ్యం. ఈ కరెంటు లోహం పైపొర మీదే నడుస్తుంది, అందుకని సన్నటి పొడుగు వైరు పనికిరాదు. పట్టీ ఎంత వెడల్పు, ఎంత పొట్టి అయితే అంత మంచిది.

ఆ పైన ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు పెట్టి కొలిచాం. ఎంత శక్తి వెనక్కి తిరిగి వస్తోందో అది చెప్తుంది. 1.5 లోపు ఉంటే చాలా బాగున్నట్టు, 2 లోపు ఉంటే నడుస్తుంది, 3 దాటితే మైకు నొక్కకూడదు, రేడియో కాలిపోవచ్చు. గోడలకీ చెట్లకీ దూరంగా బండి ఆపి, తలుపులు మూసి, 1, 20, 40 ఛానెళ్లలో చూడాలి. 1లో ఎక్కువ, 40లో తక్కువ చూపిస్తే కడ్డీ పొడవు చాలనట్టు. 40లో ఎక్కువైతే పొడవు ఎక్కువైనట్టు. అన్నిట్లోనూ 3 పైన ఉంటే కడ్డీ జోలికి పోకుండా ఎర్త్, కేబుల్ వెతకాలి. ఇదివరకు మాది ఈ మూడో రకం. ఎర్త్ కుదిరాక 40లో కొంచెం ఎక్కువ చూపించింది. కడ్డీ చివరి స్క్రూని కొద్దికొద్దిగా లోపలికి తిప్పుతూ పోతే మూడు ఛానెళ్లలోనూ 1.5 లోపుకి వచ్చింది. కేబుల్ కూడా 50 ఓమ్‌లదే ఉండాలి. టీవీకి వాడేది 75 ఓమ్‌లది, ఇక్కడ పనికిరాదు.

ఇక వినికిడి. యాక్సిలరేటర్ తొక్కినకొద్దీ రేడియోలో పెరిగే ఈల ఆల్టర్నేటర్‌ది. సిగరెట్ లైటర్ సాకెట్ నుంచి కాకుండా, నేరుగా బ్యాటరీ నుంచి ఫ్యూజుతో కరెంటు తీసుకున్నాక అది చాలావరకు తగ్గింది. బానెట్‌కీ, రబ్బరు పట్టీలకి వేలాడే సైలెన్సర్ గొట్టానికీ రాగి పట్టీలు వేశాక ఇంజను చిటపటలు ఆగాయి. మిగిలిన గరగర ఫోన్ ఛార్జర్ది, దాన్ని పీకేస్తే పోయింది.

ఇప్పుడు చదును నేల మీద నాలుగైదు మైళ్ల అవతల ట్రక్కుతో స్పష్టంగా మాట్లాడుకోగలుగుతున్నాం. ఎల్క్ మౌంటెన్ గాలిలో ఆ దూరం ఉంటే నెమ్మదించడానికీ, దగ్గరి ఎగ్జిట్‌లో దిగిపోవడానికీ వ్యవధి దొరుకుతుంది. రేడియో పాతదే, 4 వాట్లే. మార్చింది ఎర్త్, కడ్డీ చోటు, కొన్ని రాగి పట్టీలు.

ఇలాంటి దారుల్లో తిరిగే మనవాళ్లు చాలామందే ఉన్నారు. కొత్త రేడియోకి డబ్బు పెట్టేముందు బ్రాకెట్ కింద రంగు గీకి చూడండి, మీటరు పెట్టి కొలవండి. రోడ్ల మీద చల్లే ఉప్పుకి ఈ అతుకులు త్వరగా తుప్పు పడతాయి కాబట్టి ఏటా మంచు మొదలయ్యేలోపు ఒకసారి విప్పి, శుభ్రం చేసి, మళ్లీ బిగించుకోండి.