చేతులు మారిన చిన్న రైలింజన్లు

మా నగరిలో రైలు కూత వినబడని రోజు లేదు. మరమగ్గాల చప్పుడు ఆగిన పూట కూడా అరుదే. అరక్కోణం నుంచి రేణిగుంటకు వెళ్లే రైలుమార్గం మా ఊరిని ఆనుకొని సాగుతుంది. నగరి, ఏకాంబరకుప్పం అని మాకు రెండు స్టేషన్లున్నాయి. మగ్గాల మోటార్లకు వైండింగ్ చేయడం మా ఇంటి జీవనాధారం. ఇటువంటి ఊరిలో, ఇటువంటి వృత్తిలో ఉన్న మాకు కరెంటుతో పట్టాల మీద పరుగెత్తే చిన్న రైలింజన్లపై మక్కువ కలగడం వింతేమీ కాదు. అయితే మా ఇంట ఉన్న నాలుగు ఇంజన్లలో ఒక్కటీ కొత్తది కాదు. అన్నీ ఎవరో ఆడుకొని, ఎవరో అటకెక్కించి, మరెవరో అమ్ముకొన్నవే.

ఇవి కీ ఇస్తే గిరగిరా తిరిగే బొమ్మల వంటివి కావు. అసలు ఇంజనును నిర్ణీత నిష్పత్తిలో కుదించి చేసినవి. ‘హెచ్‌ఓ’ అనే కొలతలో అసలు ఇంజనులో 87వ వంతు, బ్రిటన్‌లో వాడుకలో ఉన్న ‘ఓఓ’ కొలతలో దాదాపు 76వ వంతు ఉంటాయి. రెండింటికీ పట్టాల మధ్య దూరం 16.5 మిల్లీమీటర్లే. బ్రిటన్‌లో హార్న్‌బీ బొమ్మ రైళ్లు 1920లో మొదలయ్యాయి. జర్మనీకి చెందిన మార్క్‌లిన్ సంస్థ 1859 నాటిది. మన దేశంలో పూణె నగరాన జోషి కుటుంబం నెలకొల్పిన సూక్ష్మ రైళ్ల ప్రదర్శనశాల 1998 నుంచి సందర్శకులను అలరిస్తోంది.

మా ఊరి పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు. దానిని 87తో భాగిస్తే 19 మిల్లీమీటర్లకు పైగా వస్తుంది. కనుక మన దేశపు ఇంజన్ను 16.5 మిల్లీమీటర్ల పట్టాల మీద నిలబెడితే, దాని పాదాలు కొంచెం దగ్గరగా ముడుచుకొన్నట్లుంటాయి. మా పిల్లలు ఈ సంగతిని స్కేలు పట్టుకొని తామే లెక్కగట్టి కనుక్కొన్నారు. ఆ సాయంత్రం వారికి భాగహారం చేదుగా అనిపించలేదు.

విదేశాల నుంచి వచ్చే కొత్త ఇంజన్ల ధర మావంటి వారికి అందనిది. అందుకే చెన్నపట్నంలోని పాత వస్తువుల అంగళ్లే మాకు దిక్కు. సెంట్రల్ స్టేషన్ పక్కన ఒకప్పుడు మూర్ మార్కెట్ ఉండేది. పాత పుస్తకాలకు, గ్రామఫోన్లకు, ఆటబొమ్మలకు పేరు పొందిన ఆ ఎర్రటి కట్టడం 1985 మే నెలలో అగ్నికి ఆహుతయింది. ఆ స్థలంలో వెలసిన లోకల్ రైళ్ల నిలయాన్ని ఇప్పటికీ మూర్ మార్కెట్ కాంప్లెక్స్ అనే పిలుస్తారు. పాత బొమ్మల అంగళ్లు ఉన్నచోటనే నేడు నిజమైన రైళ్లు ఆగుతున్నాయి!

పాత ఇంజను కొనడానికి వెళ్లేటప్పుడు జేబులో తొమ్మిది వోల్టుల బ్యాటరీ, రెండు తీగముక్కలు తీసుకొని వెళతాము. రెండు వైపుల చక్రాలకు తీగలు తాకిస్తే మోటారు తిరగాలి. తీగలను తారుమారు చేస్తే వెనక్కి తిరగాలి. చక్రాలను వేలితో బలవంతంగా తిప్పరాదు. చాలా ఇంజన్లలో మోటారు నుంచి చక్రాలకు కదలిక మరవంటి పళ్లచక్రం ద్వారా అందుతుంది. ఎదురు బలం ప్రయోగిస్తే ఆ పళ్లు అరిగిపోతాయి. చివరగా ఇంజన్ను ముక్కు దగ్గర పెట్టుకొని వాసన చూస్తాము. వైండింగ్ కాలిన వాసన మావంటి వారికి ఇట్టే తెలిసిపోతుంది.

మరమ్మతు పనిలో సగం శుభ్రపరచడమే. ఏళ్లనాటి గ్రీజు గట్టిపడి బంకలా అంటుకొంటుంది, మోటారు వేడెక్కుతుంది. స్పిరిట్‌లో తడిపిన దూదితో చక్రాలను, కమ్యుటేటర్‌ను తుడిచి, రాగి బిళ్లల మధ్య సందుల్లో పేరుకొన్న బొగ్గుపొడిని పుల్లతో గీకి తీస్తాము. అరిగిన కార్బన్ బ్రష్‌లు మార్చి, కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క మాత్రమే వేస్తాము. కొన్ని పాత మోటార్లలో ఆర్మేచర్‌ను బయటికి తీస్తే అయస్కాంతం బలహీనపడుతుంది. అందుకని ఆ ఖాళీలో వెంటనే ఒక ఇనుపముక్కను ఉంచుతాము. తీగ తెగితే వెంట్రుక వంటి రాగితీగతో మళ్లీ చుట్టుకొంటాము. మగ్గం మోటారుకు పనికొచ్చే ఓర్పే ఇక్కడ పదింతలు కావాలి. ఇంత శ్రమ తరువాత ఇంజను తొలిసారి కదిలి, నాలుగు పెట్టెలను లాక్కొంటూ మంచం కాళ్ల నడుమ నుంచి బయటికి వచ్చినప్పుడు ఇంటిల్లిపాదీ సంతోషంతో కేకలు వేస్తాము.

ఇది దుబారా కాదా అని బంధువులు అడుగుతుంటారు. అడగదగిన ప్రశ్నే. దుబారా చేసేవారిని దివ్య ఖుర్ఆన్ షైతాన్ సోదరులుగా పేర్కొంది. అందుకే ఇంటి ఖర్చులు, పిల్లల ఫీజులు, ఇతరులకు చెల్లించవలసిన హక్కులు తీరిన తరువాతనే ఈ సరదా. అజాన్ వినబడగానే ట్రాన్స్‌ఫార్మర్ స్విచ్ కట్టేస్తాము. హద్దుల్లో ఉన్న ఆటపాటలకు ఇస్లాం తలుపులు మూయలేదు. హజ్రత్ ఆయిషా (రజి) ఆడుకొనే బొమ్మల్లో రెక్కల గుర్రాన్ని చూసి దైవప్రవక్త (స) ఆశ్చర్యంతో ప్రశ్నించారు. హజ్రత్ సులైమాన్ (అలై) గుర్రాలకు రెక్కలుండేవట కదా అని ఆమె బదులు చెప్పగా ఆయన (స) మనసారా నవ్వారు. తన చెప్పులను తానే కుట్టుకొన్న మహనీయుడాయన (స). పాతదానిని బాగుచేసి వాడుకోవడంలో చిన్నతనం లేదని ఆ జీవితమే మనకు నేర్పుతోంది.

కాని పాత వస్తువుల కొనుగోలు, అమ్మకాల్లో అసలు పరీక్ష డబ్బు దగ్గర కాదు, మాట దగ్గర వస్తుంది. రెండేళ్ల కిందట ఒక వ్యాపారి దగ్గర 1,800 రూపాయలకు నల్లని ఆవిరి ఇంజను కొన్నాము. దానిని ఎవరూ విప్పనే లేదని అతను చెప్పాడు. బ్యాటరీ తాకించగా చక్కగా తిరిగింది. ఇంటికి తెచ్చి పట్టాలెక్కిస్తే నాలుగు చుట్లకే చక్రాలు బిగుసుకుపోయాయి. పైభాగం ఊడదీసి చూస్తే అడుగు చట్రం నిలువునా చిట్లి ఉంది. ఆ పగులును మైనంతో పూడ్చి రంగు పూసిన జాడ కూడా కనిపించింది. పూర్వం కొన్ని ఇంజన్లకు వాడిన జింకు మిశ్రలోహంలో సీసం వంటి మలినాలు కలిస్తే, అది ఏళ్ల తరబడి లోలోపలే ఉబ్బి, పగిలి, చివరికి పొడిపొడి అవుతుంది. దానికి మందు లేదు.

కొన్ని నెలల తరువాత పుత్తూరు నుంచి ఒక పెద్దాయన వచ్చారు. అద్దాల బీరువాలో పెట్టుకోవడానికి ఆయనకు ఆ నల్ల ఇంజనే నచ్చింది. ఆయన చేతులు కడుక్కోవడానికి పెరట్లోకి వెళ్లగా, మా పెద్దబ్బాయి మెల్లగా, “అబ్బా! బీరువాలో పెట్టుకొనేదానికి పగులుంటే ఏం? మళ్లీ మైనం పెట్టి రంగు పూస్తే సరి. మన డబ్బు మనకొస్తుంది. మనకు మాత్రం చెప్పి అమ్మారా?” అన్నాడు.

వాడి మాటలో దురాశ లేదు. మోసపోయిన బాధ ఉంది. మోసం ఇంటింటికీ పాకేది ఈ దారినే. మదీనా బజారులో దైవప్రవక్త (స) ధాన్యపు రాశిలో చేయి పెట్టగా లోపల తడి తగిలిన ఉదంతం వాడికి గుర్తు చేశాము. వాన వల్ల తడిసిందని వర్తకుడు విన్నవించుకొన్నాడు. మరి ఆ తడిసిన గింజలను జనానికి కనబడేలా పైన ఎందుకు ఉంచలేదని ప్రవక్త (స) నిలదీశారు. వాన కురవడం ఆ వర్తకుని తప్పు కాదు. తడిని దాచడమే తప్పు. మా ఇంజను చిట్లడం కూడా మా తప్పు కాదని వాడికి చెప్పాము. అంతకు మించి ఏమీ అనలేదు.

పెద్దాయన తిరిగి వచ్చి, “ఏం భాయ్, ఎంతకిస్తారు?” అని అడిగారు. మేము నోరు తెరవకముందే మావాడు ఇంజన్ను తిరగేసి, పగులు మీద వేలు పెట్టి, “తాతా, ఇది ఇక్కడ పగిలింది. ఇంకా పగులుతుంది” అన్నాడు. ఆయన కళ్లజోడు సవరించుకొని చూశారు. “చెప్పినావు, మంచిది నాయనా” అని, ఏమీ కొనకుండానే వెళ్లిపోయారు. ఆ 1,800 రూపాయలు మాకు తిరిగి రాలేదు.

ఆ ఇంజన్ను మేము విడిభాగాలుగా విప్పాము. దాని బ్రష్‌లు, స్ప్రింగులు, చక్రాలు ఇప్పుడు మరో ఇంజనులో పని చేస్తున్నాయి. ఆ రోజు నుంచి మావాడు ప్రతి ఇంజను డబ్బాలోనూ ఒక చీటీ పెడుతున్నాడు. ఏది మార్చాము, ఏది అతికించాము, ఇంకా ఏ లోపం మిగిలింది అన్నీ అందులో రాస్తాడు. ఈ ఇంజన్లు మాతోనే ఆగిపోవు, రేపు మరో ఇంటికి వెళతాయి. వాటితోపాటు ఆ చీటీ కూడా వెళుతుంది. వస్తువు చేతులు మారినా నిజం మారకుండా ఉండే వ్యవహారాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.