తోడు ఎవరొస్తారు?

తిరుచ్చులి అనగానే ఆంధ్రా మిత్రులు రమణ మహర్షి పుట్టిన ఊరా అంటారు. మాకది బస్సెక్కే ఊరు. కోవిల్‌పట్టి, విరుదునగర్ వైపు నల్లరేగడిలో తరాలుగా ఉంటున్న తెలుగువాళ్లం. ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు తమిళం. (ఈ లిపి నాకు న్యూజెర్సీలో గుంటూరు స్నేహితులు నేర్పిందే.)

ఆసుపత్రుల సాఫ్ట్‌వేర్ రాయడం నా ఉద్యోగం. అందుకే డాక్టర్ వెంకటస్వామి గారంటే నాకు రెండింతల అభిమానం. ఆయనదీ మా వైపే, ఎట్టయపురం దగ్గరి వడమలాపురం. కీళ్లవాతంతో వేళ్లు వంకరపోయినా కంటి ఆపరేషన్లు నేర్చారు. రిటైరయ్యాక 1976లో మదురైలో 11 పడకలతో అరవింద్ ఆసుపత్రి పెట్టారు. ఆసుపత్రి కంటి శిబిరాలు ఊళ్లకే వెళ్లాయి. అయినా తమిళనాడు పల్లెల్లో చేసి 1999లో అచ్చువేసిన ఒక అధ్యయనం ప్రకారం, అవసరమున్నవాళ్లలో శిబిరానికి వచ్చింది 7 శాతం కూడా లేరు. భయం, ఖర్చు, ఇల్లు వదల్లేకపోవడం.

ఆ తర్వాత తేని ప్రాంతంలో బర్క్‌లీ విశ్వవిద్యాలయం పరిశోధకులు మామూలు వైఫై పరికరాలనే మార్చి కిలోమీటర్ల దూరం పనిచేయించారు. చిన్న ఊరి కేంద్రంలో శిక్షణ పొందిన అమ్మాయి కన్ను పరీక్షిస్తుంది, డాక్టరు ఆసుపత్రిలో కూర్చునే తెర మీద రోగితో మాట్లాడతారు. షుగరు వల్ల రెటీనా దెబ్బతింటే ఫోటోలో పట్టే గూగుల్ ప్రోగ్రాం గురించి 2016లో వచ్చిన పరిశోధనలో అరవింద్ ఫోటోలూ ఉన్నాయి.

ఇలాంటి కేంద్రాల వల్ల డాక్టర్ల సమయం కలిసొస్తుందని అందరూ మెచ్చుకుంటారు. నాకు మాత్రం కలిసొచ్చిన బస్సు ఛార్జీ, పోని కూలీ పెద్దవిగా కనిపిస్తాయి.

అమ్మకు షుగరు. దగ్గర్లోని ఒక కేంద్రానికి ఒక్కతే వెళ్లి ఫోటో తీయించుకుంది, మధ్యాహ్నానికి ఇల్లు చేరింది. లేజర్ పెట్టాలన్నారు. దానికి పెద్దాసుపత్రికే పోవాలి.

"ఎప్పుడు పోతావమ్మా?"

"పొయ్యేది సరే, తోడు ఎవురొస్తారు?"

అమెరికాలో శుక్లాల ఆపరేషన్‌కు ముందే మిమ్మల్ని ఇంటికి తీసుకెళ్లేదెవరని అడిగి, పేరు, ఫోన్ నంబరు రాసుకుంటారు. మా సాఫ్ట్‌వేర్‌లో దానికో గడి ఉంది. అమ్మకిచ్చిన కాగితంలో లేదు. మా వదినది అరుప్పుకోట్టైలో నూలు మిల్లు పని, సెలవు ఆదివారమే. ఆదివారం లేజర్ పెట్టరు. ఆ రోజు కూలి నేను పంపుతానన్నాను. వదిన నవ్వింది.

"డబ్బుకు కాదు మరిదీ, నాగా పెడితే రాత్రి షిఫ్టుకు మారుస్తారు."

దీపావళికి మిల్లు మూసేదాకా ఆగొచ్చా అని అడిగితే, అంత ఆలస్యం వద్దన్నారు డాక్టరు. ఊళ్లో తోడు కోసం ఇక్కణ్నుంచి ఫోన్లు చేస్తున్నాను.