తాహతు అనే కొలబద్ద

వియ్యానికైనా కయ్యానికైనా సమవుజ్జీ ఉండవలెనని మన పెద్దలు చెప్పుదురు. ఈ మాట వినకుండ పెరిగిన పల్లె బిడ్డ లేడు. అందులో కొంత వివేకము లేకపోలేదు. అయితే ఈ ఒక్క మాటను పట్టుకొని నేను నా యౌవనమందు రెండు తప్పులు చేసితిని. మొదటిది తప్పని నాకు తోచనే లేదు; అది వినయమనుకొంటిని. రెండవది చేసిన తరువాతనే మొదటిదాని సంగతియు తెలిసెను. మన సంఘములలోని యౌవనస్థులకు పనికివచ్చునని దానిని ఇక్కడ వ్రాయుచున్నాను.

మాది బాన్సువాడ దగ్గర పల్లె. ఇప్పుడు కామారెడ్డి జిల్లా. 2016 వరకు నిజామాబాదు జిల్లా. 1931లో నిజాంసాగరు కట్ట పూర్తియై కాలువ నీళ్లు పారిన తరువాత ఈ ప్రాంతము వరికిని చెరకునకును పేరుపొందెను. ఆ పొలములలో మా తండ్రి జీతగాడు. నేను పదవ తరగతి వరకు చదివి, బాన్సువాడలో ఒక బియ్యపు మిల్లులో లెక్కలు వ్రాయుచుంటిని.

మా గుడిలో హార్మోనియము వాయించు ఒక ఉపాధ్యాయురాలుండెను. ఆమె తండ్రి సర్కారు నౌకరి చేసినవాడు, పెద్ద పెంకుటిల్లు గలవాడు. ఆదివారము ఆరాధన ముగియగానే ఆ హార్మోనియము పెట్టెను ఆమె ఇంటివరకు మోయుట నా పని. మూడేండ్లు మోసితిని. దారి పొడుగున ఆమె బడిపిల్లలను గూర్చియు వానలను గూర్చియు మాటలాడుచుండెడిది. ఒకనాడు, "మీరు ప్రైవేటుగా ఇంటరు పరీక్ష వ్రాయరాదా?" అని అడిగెను. ఆ ఒక్క మాట నాకు నెల దినములు నిద్ర లేకుండ చేసెను. అయినను నేను నోరు తెరువలేదు. నా మనసెరిగిన స్నేహితుడు, "ఉట్టికెగురలేనమ్మ స్వర్గానికెగిరెనట" అని నవ్వెను. నేనును నవ్వి, ఆశ మానుకొంటిని.

1986లో ఆమె పెండ్లి జరిగెను. వరుడు ఏ డాక్టరో, ఏ తహసీల్దారో అనుకొంటిని. కాడు. బోధను చక్కెర ఫ్యాక్టరీలో చెరకు కాటా యొద్ద గుమాస్తా. నావలె లెక్కలు వ్రాయువాడే. నావలె కూలివాని కుమారుడే. అతడు చేసినదొక్కటే: పెద్దలను వెంటబెట్టుకొని వచ్చి అడిగెను.

ఆ దినములలో మా జిల్లాలో జోగిని ఆచారము ఉండెను. పేద దళిత కుటుంబముల ఆడపిల్లలను చిన్ననాడే గ్రామదేవత పేరిట విడిచిపెట్టుదురు. ఆ పిల్లకు ఇక పెండ్లి లేదు. ఊరిలోని బలవంతులకు ఆమె లోకువ. 1980లలో హేమలతా లవణంగారును ఆమె భర్త లవణంగారును సంస్కార్ అను సంస్థ పక్షమున వచ్చి, మా పొరుగుననున్న వర్నిలో చెల్లి నిలయమను ఆశ్రయము నడిపి, అట్టి స్త్రీలను తిరిగి నిలువబెట్టుటకు పాటుపడిరి. 1988లో ఆ ఆచారమును నిషేధించుచు రాష్ట్ర చట్టము వచ్చెను.

దానికి ముందటి యేడు మా అయ్యగారు నన్ను పిలిపించి, "చిన్ననాడు జోగినిగా విడిచిన ఒక అమ్మాయి ఉన్నది. ఇప్పుడు కుట్టుపని నేర్చుకొన్నది, నెమ్మది గలది. నీవు చేసుకొందువా, బిడ్డా?" అని అడిగెను. నేను వెంటనే, "అయ్యగారూ, బీదవాళ్లమైనా మాకొక మర్యాద ఉన్నది గదా. నా తాహతు చూడవద్దా?" అంటిని.

ఆయన కోపపడలేదు. కొంతసేపు ఊరకుండి, "నిరుడు నీ తాహతు చాలదని ఏడ్చితివి. ఈ యేడు అది ఎక్కువైనదా?" అనెను. హార్మోనియము సంగతి ఆయన ఎరుగునని నాకు అప్పుడే తెలిసెను. తల వంచుకొని ఇంటికి వచ్చితిని.

పైవారిని చూచి వణకుటయు క్రిందివారిని చూచి ముక్కు విరుచుటయు రెండు గుణములు కావు, ఒక్కటే. ఒకే నిచ్చెన మీద నిలిచి నేను ఒకసారి పైకి చూచితిని, ఒకసారి క్రిందికి చూచితిని. దిగి నేల మీద నిలువలేదు.

ఆ హేమలతగారి ఇంటి సంగతియే చూడుడి. ఆమె తండ్రి మహాకవి గుఱ్ఱం జాషువ, 1895లో వినుకొండలో పుట్టినవాడు. ఆయన తండ్రి యాదవ కులస్థుడు, తల్లి మాదిగ కులస్థురాలు. కవియైన తరువాత కూడ ఆయనకు అంటరానితనపు అవమానములు తప్పలేదు. 1960లో ఆయన కుమార్తె హేమలత లవణమును పెండ్లాడెను. లవణము తండ్రి గోరాగారు బ్రాహ్మణ కుటుంబమున పుట్టినవాడు, దేవుడు లేడనువాడు. ఆ మాటలో మనము ఆయనతో ఏకీభవింపము. అయినను గుడిలో ఒకే బల్ల యొద్ద కూర్చుండి, ఇంటికి వచ్చి వియ్యమాడునప్పుడు కులమును కట్నమును అడుగు మనకు ఆ ఇంటి పెండ్లి సిగ్గు కలిగింపదా?

రూతు చరిత్ర మనకు తెలిసినదే. ఆమె మోయాబీయురాలు, విధవరాలు, పరుల చేనిలో పరిగె ఏరుకొన్నది. బోయజు ఆ చేను గల ఆసామి. మన ఊరి లెక్క ప్రకారము అది కుదరని సంబంధము. అయినను ఆమె అత్త మాట విని కళ్లమునకు వెళ్లి అడిగెను. ఆయన చిన్నచూపు చూడలేదు. దావీదు రాజు వారి వంశమువాడే.

అడిగిన ప్రతివారికిని అవునను జవాబు దొరకదు. కాదనుటకు ఎదుటివారికి హక్కున్నది. కాదన్నప్పుడు నిందింపక, వెంటబడక తిరిగి వచ్చుటయే మర్యాద. అయితే నేను చేసినదేమి? ఆమె చెప్పవలసిన జవాబును ఆమెకు బదులు నేనే చెప్పుకొంటిని. దానికి వినయమని పేరు పెట్టితిని. ఆమె మనసును ఆమె తండ్రి పెంకుటిల్లుతో కొలిచితిని. అదియు ఒక అవమానమే.

కుట్టుపని నేర్చిన ఆ అమ్మాయిని తరువాత ఒక దర్జీ పెండ్లాడెను. ఇద్దరును కలిసి సంత దారిలో దుకాణము పెట్టిరి. మా పిల్లల బడి బట్టలన్నియు ఆమె యొద్దనే కుట్టించితిమి. నా కుమారుని భుజము కొలుచుచు ఆమె నవ్వుచుండగా నేను గుమ్మము బయటనే నిలిచెడివాడను. నేను కాదన్న సంగతి ఆమెకు తెలియునో లేదో, అడుగుటకు ధైర్యము చాలలేదు.

1990లో నేను పెండ్లాడితిని. ఈసారి నేనే పెద్దలను వెంటబెట్టుకొని వెళ్లి అడిగితిని. ఎన్నో యేండ్ల తరువాత నా భార్య చెప్పినది: "పదవ తరగతి చదివినవాడు, మిల్లులో గుమాస్తా, నావంటి కూలిపిల్లను అడుగునా అనుకొంటిని." నేను నవ్వలేకపోతిని.