ఖాళీ కాదు, బారీ రాలేదు

రోజ్‌నామ్చా అనేది పాత కచేరీల మాట. ఏ పూట ఏం జరిగిందో వరసగా రాసుకునే పుస్తకం. కంప్యూటర్‌కి కూడా అలాంటిది రాయించవచ్చని మా భాంజా చెప్పాడు. నెమ్మదించిన సర్వర్ల నబ్జ్ చూడటం వాడి నౌకరీ.

ప్రాసెసర్ కోర్ ఒక కుర్చీ అనుకోండి. దాని మీద ఒకసారి ఒకే పని కూర్చుంటుంది. ఒకటి లేచి ఇంకొకటి కూర్చోవడాన్ని కాంటెక్స్ట్ స్విచ్ అంటారు. మామూలు కొలతలు సెకనుకు ఇన్నిసార్లని తస్వీర్ తీసినట్టు, కుర్చీలో ఉన్నవాణ్నే చూస్తాయి. బయట నిలబడ్డవాడు తస్వీర్‌లో పడడు. వాడి వఖ్త్ ఎటు పోయిందో గవాహీ ఉండదు.

అందుకే లినక్స్‌లో 'పెర్ఫ్ షెడ్ రికార్డ్' అనే హుకుం ఉంది. అది ప్రతి మార్పునీ దాఖలు చేస్తుంది: ఎన్నింటికి, ఎవరు లేచారు, ఎవరు కూర్చున్నారు, లేచినవాడు ఏ హాలత్‌లో లేచాడు. ఆ హాలత్‌కి ఒక అక్షరం. 'ఎస్' అంటే దేనికోసమో ఇంతెజార్ చేస్తూ తనంతట నిద్రపోయాడు. 'డి' అంటే చాలావరకు డిస్క్ కోసం ఆగిపోయాడు. 'ఆర్' అంటే పని చేయడానికి తయారుగానే ఉన్నాడు, కానీ లేపేశారు. తనంతట లేచినవీ, లేపేసినవీ ప్రతి పనికీ విడివిడిగా లెక్క ఉంటుంది. బయట నుంచి చూస్తే అందరూ ఖాళీగానే కనబడతారు. ఇన్సాఫ్ ఆ ఒక్క అక్షరంలో ఉంది.

మార్పులు సెకనుకు వేలల్లో ఉంటే ఈ రాత కూడా బరువే. అందుకని కొద్దిసేపే రాయిస్తారట.

ఇది వింటున్నప్పుడు నాకు వాడి చెల్లెలు గుర్తొచ్చింది. డీఎస్సీకి చదువుతోంది. "పుస్తకం ముందు పది నిమిషాలు కూర్చోదు, ఫీజు దండగ. మంచి రిష్తా చూడు తమ్ముడూ" అని ఆపా రోజూ ఫోన్.

"బేటీ, రెండు రోజులు రాయి. ఎప్పుడు లేచావు, ఎవరు లేపారు, అంతే" అన్నాను.

"మామూ, రాయడానికి కూడా ఫుర్సత్ ఉండొద్దా?" అని నవ్వింది. అయినా రాసింది.

రెండు సాయంత్రాల్లో పద్నాలుగుసార్లు లేచింది. నమాజ్‌కి, నీళ్లకి తనంతట లేచింది మూడుసార్లే. మిగతా పదకొండూ 'ఆర్': పాలవాడు, దాదీ మందులు, మెహమాన్‌లకి చాయ్, అన్నయ్య చార్జర్ ఎక్కడుందో వెతకడం.

కాగితం ఆపా చేతికిచ్చాను. చాలాసేపు చూసింది. "చార్జర్ కూడానా!" అని కొడుకు వైపు చూసింది, అంతే.

ఫీజు కట్టేశారు. అసర్ నుంచి ఇషా దాకా తలుపు కొడితే ఇప్పుడు తీసేది భాంజానే.