బొబ్బిలి కథలో పేరు లేనోళ్లు

బొబ్బిలి అనగానే మన జిల్లాల్లో రెండు గుర్తొస్తాయి. ఒకటి వీణ, రెండోది యుద్ధం. పక్కనే గొల్లపల్లిలో సర్వసిద్ధి కుటుంబాలవాళ్లు పనస దుంగని తొలిచి, అతుకు లేకుండా ఒకే చెక్కతో వీణ చేస్తారు. పనస మన కొండల చెట్టే కదా! సంతలో కాయకి ఎంతిస్తారో మనకి తెలుసు. సరే, ఆ గొడవ ఇంకో రోజు.

1757 జనవరి 24న బుస్సీ ఫిరంగులు, విజయనగరం సేన కలిసి బొబ్బిలి కోటని కొట్టాయి. కోట నిలవదని తెలిశాక, లోపలున్న ఆడవాళ్లు, గుంటలు శత్రువు చేతికి చిక్కకూడదని సొంత మనుషులే చంపేశారు. దీని మీద దిట్టకవి నారాయణకవి 'రంగరాయ చరిత్ర' రాశాడు. జంగాలు ఊరూరా కథగా పాడారు. 1964లో సినిమా కూడా వచ్చింది.

కథ విన్నోళ్లకి తెలుసు, గుమ్మెట దరువు లేచిందంటే ఒళ్లు పులకరిస్తుంది. తాండ్ర పాపారాయుడు డేరాలో దూరి విజయరామరాజుని పొడిచే చోట ఈలలేస్తాం. మల్లమ్మ పేరూ గుర్తుంటుంది. మరి ఆమెతోపాటు పోయిన మిగతా ఆడవాళ్లు, చంటిపిల్లలు? దరువు వాళ్ల మీంచి పరిగెత్తుకు పోతుంది.

వీణ అలా పరిగెత్తదు. ఒకసారి మీటాక శబ్దం సన్నగా ఆరిపోతుంటే, ఎడమచేతి వేలు తీగని లాగి గమకం పలికిస్తుంది. మాకు రాగాలు పెద్దగా తెలీవు గానీ, శుభపంతువరాళి వీణ మీద విన్నరోజు ఒక సంగతి తట్టింది. యుద్ధం మీద కవిత రాస్తే ఇలాగే, దెబ్బ పడ్డాక మిగిలే దాని గురించి రాయాలి.

అందుకే హాస్టల్ వార్షికోత్సవానికి బొబ్బిలి మీద మేము నలుగురం కలిసి రాసిన కవితలో పాపారాయుడు లేడు. ఒక దాది ఉంది. తలుపు అవతల అడుగుల చప్పుడు తమవాళ్లదేనని గుర్తుపట్టి కూడా, ఒళ్లో గుంటకి జోలపాట ఆపదు. అంతే. "ఇందులో యుద్ధం ఏటుందిరా?" అన్నారు సీనియర్లు.

మనకి దగ్గరది ఇంకొకటుంది. 1967 అక్టోబర్ 31న మొండెంఖల్ సభకి వెళ్తుంటే, లేవిడి దగ్గర భూస్వాముల కాల్పుల్లో కోరన్న, మంగన్న పడిపోయారు. వాళ్ల పేర్లు మనందరికీ తెలుసు. ఆ రాత్రి ఆ ఇళ్లల్లో పొయ్యి ఎవరు వెలిగించారో, అసలు వెలిగించారో లేదో, మేము విన్న ఏ పాటలోనూ లేదు. మా రెండో కవిత అక్కడ మొదలెట్టాం. రెండు లైన్ల దగ్గరే ఆగింది. మీ ఊళ్లల్లో ఆ రోజులు చూసిన ముసిలోళ్లుంటే, తొందరపెట్టకుండా పక్కన కూర్చుని అడగండి. వాళ్లన్న మాటలు వాళ్లన్నట్టే రాసి పంపండి.